గుడ్ల కూరకు పాస్‌పోర్ట్ ఫోటో

మనుషుల ముఖాల మీద నీడ పడకుండా చూడడమే ఇరవై రెండేళ్ళుగా మా బాబాయ్ పని.

బస్సులు ఆగే చోటికి ఎదురుగా ఉన్న మా ఫోటో స్టూడియోలో పెళ్ళి ఫోటోలు తీయరు, పుట్టినరోజు ఫోటోలు తీయరు. పాస్‌పోర్ట్, వీసా, గుర్తింపు కార్డు, అంతే. ఒక తెల్ల తెర, దాని ముందు ఒక స్టూలు, రెండు పక్కలా రెండు గొడుగు లైట్లు. స్టూలు మీద కూర్చున్నవాళ్ళకు రెండు చెవులూ కనిపించాలి, కళ్ళు తెరిచి ఉండాలి, నవ్వు రాకూడదు, తెర మీద నీడ పడకూడదు. "నీడ పడిందా, దరఖాస్తు వెనక్కొచ్చిందన్నమాటే" అంటాడు బాబాయ్. ఆయన తీసిన ఫోటో ఇంతవరకూ ఏ ఆఫీసు నుంచీ వెనక్కి రాలేదు. ఆ సంగతి రోజుకు రెండుసార్లయినా ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి. కొత్తవాళ్ళు దొరకని రోజు పక్క కొట్టు కళ్ళజోళ్ళాయనకే చెప్తాడు.

వచ్చినవాళ్ళ కాలర్లు సర్దడం, నుదుటి మీద జుట్టు వెనక్కి దువ్వుకోమనడం, ప్రింటయ్యాక షీటు మీది ఎనిమిది ముఖాలనూ సమంగా కోసి కవర్లో పెట్టడం నా పని. నోరు పెద్దగా వాడక్కర్లేని పని కాబట్టి నాకు సరిపోయింది. నేను రావడం పోవడం తెలియదని బాబాయ్ నాకు పిల్లి అని పేరు పెట్టాడు. రెండేళ్ళ నుంచి అదే నా పేరు.

కొట్టు వెనకే ఇల్లు. మధ్యలో ఒక గుమ్మం, దానికి ఒక కర్టెన్. కర్టెన్‌కు అవతల పిన్ని వంట. కౌంటర్ ఖాళీగా వదలకూడదు కనక మా భోజనాలు వంతుల్లో నడుస్తాయి. ఒంటిగంటకు బాబాయ్, ఒకటిన్నరకు నేను, గిన్నెలన్నీ కడిగి రెండు దాటాక పిన్ని. పిన్ని చేతి వంట ఒకసారి తిన్నవాళ్ళు మళ్ళీ మా ఇంటికి రావడానికి ఏదో ఒక పని కల్పించుకుంటారు. బాబాయ్ మాత్రం రెండుసార్లు వడ్డించుకుని, చేయి కడుక్కుంటూ, "ఉప్పు సరిపోయింది" అంటాడు. ఆయన లెక్కలో అది పెద్ద మెప్పే. వెనక్కి రాకపోతే బాగున్నట్టే కదా.

ఆ సోమవారం పదకొండున్నరకు ఒక మేడమ్ వీసా ఫోటోకి వచ్చింది. ఎదురు మేడ మీద ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో పని చేస్తుందట. బాబాయ్ "గడ్డం కొంచెం దించండమ్మా" అన్నప్పుడల్లా దించుతోంది, కెమెరా నొక్కే లోపు మళ్ళీ ముక్కు పైకెత్తి గాలి పీలుస్తోంది.

"జలుబు చేసిందా అమ్మా?" అన్నాడు బాబాయ్.

"జలుబైనా బాగుండేదండీ. ఆ వాసనకి ఇక్కడ కూర్చోలేకపోతున్నాను. ఎవరు వండేది?"

కర్టెన్ వెనక గరిట చప్పుడు ఆగిపోయింది.

"మా ఆవిడ" అన్నాడు బాబాయ్, కెమెరా లోంచి కన్ను తీయకుండా.

అప్పుడు మేడమ్ చెప్పింది. వాళ్ళ ఆఫీసులో పద్నాలుగు మంది. బయటి తిండి తిని విసుగెత్తి, రోజూ మధ్యాహ్నం ఎవరి ఇంటి వంటైనా తెప్పించుకుందామనుకున్నారు. వండి పంపుతామని పది ఇళ్ళవాళ్ళు ముందుకొచ్చారు.

"పదిళ్ళ వంటలూ రుచి చూడాలంటే మా పొట్టలు చాలవు కదండీ. అందుకని ముందు తలా ఒక ఫోటో అడిగాం. గోడకు అంటించి ఓట్లు వేస్తాం. ఎక్కువ ఓట్లొచ్చిన ముగ్గుర్ని వచ్చే సోమవారం వండి తెమ్మంటాం. ఆంటీని కూడా పంపమనండి. గురువారం మూడింటి వరకూ టైముంది. కాకపోతే వాసన ఫోటోలో రాదు, అదొక్కటే మీకు నష్టం."

"ఫోటోనా?" బాబాయ్ నవ్వేశాడు. "ఎవరి స్టూలు మీద కూర్చుని అడుగుతున్నారో చూసుకోండమ్మా!"

ఆవిడ వెళ్ళగానే పిన్ని గరిటతో సహా కొట్లోకి వచ్చేసింది. మామూలుగా కొట్టు తెరిచి ఉన్నప్పుడు అలా రాదు.

"ఏమండీ, నిజంగా పంపుదామా?"

"పంపుదామా ఏంటి? రేపే తీసేస్తా."

ఆ సాయంత్రం ఉల్లిపాయలు ఒలుస్తుంటే పిన్ని నాతో అంది. "ఇన్నేళ్ళూ నా వంట తిన్నవాళ్ళంతా తినక తప్పనివాళ్ళేనే పిల్లీ. మీ బాబాయ్, చుట్టాలు, నువ్వు. పదకొండు మంది వంటలు ఎదురుగా పెట్టుకుని, 'ఈవిడది కావాలి మాకు' అని ఎవరైనా అంటే ఎలా ఉంటుందో చూడాలనుంది." కళ్ళు తుడుచుకుంది. ఉల్లిపాయల వల్లే అనుకుంటాను.

మంగళవారం పొద్దున్న గుడ్ల కూరకు ఫోటో తీశారు.

పిన్ని ఇంట్లో ఉన్న వాటిలో అన్నిటికన్నా పెద్ద తెల్ల పళ్ళెంలో అన్నం, పక్కన కూర, పైన రెండు ఉడికిన గుడ్లు కోసి పెట్టి తెచ్చింది. బాబాయ్ పళ్ళాన్ని స్టూలు మీద పెట్టాడు. వెనక తెల్ల తెర. రెండు గొడుగు లైట్లూ వెలిగించాడు. కెమెరాలో చూసి, "తల కొంచెం ముందుకి వంచాలి" అని పళ్ళెం కింద వెనక వైపు ఒక అట్టముక్క మడిచి పెట్టాడు. పులుసు మెల్లగా ముందుకు జారింది. ఆవిరి లెన్సుకు అడ్డమొస్తోందని అది పోయేదాకా అందరం నిలబడ్డాం. తర్వాత కొత్తిమీర తీసేయమన్నాడు.

"బాగుంటుందని వేశానండీ" అంది పిన్ని.

"జుట్టు కళ్ళ మీద పడినట్టుంది. తీసెయ్."

ఆ తర్వాత, చెమట పట్టిన నుదుళ్ళ కోసం మేము కౌంటర్ కింద ఉంచే కాగితం రుమాలు ఒకటి తీసి, గుడ్ల మీద మెరుస్తున్న నూనెను సుతారంగా అద్దాడు. నేను ఎప్పటిలాగే పక్కన నిలబడి కాలర్ సర్దినట్టు పళ్ళెం అంచు తుడిచాను. ముగ్గురం ఎంత శ్రద్ధగా చేశామో! చేసే పనిలో తప్పుందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఫోటో వచ్చింది. రెండు గుడ్లూ సమానంగా కనిపిస్తున్నాయి. ఎక్కడా నీడ లేదు.

కళ్ళజోళ్ళాయన వచ్చి చూసి, "ఈ కూర రేపే విమానమెక్కేయొచ్చోయ్" అన్నాడు. బాబాయ్ దాన్ని పొగడ్తగా తీసుకుని, ఫోటోను మేడమ్‌కి పంపేశాడు.

"బాగుందా పిల్లీ?" అని పిన్ని నన్ను అడిగింది.

"స్పష్టంగా ఉంది పిన్నీ" అన్నాను. అబద్ధం కాదు. కానీ ఆ మాట అక్కడితో ఆపినందుకు మర్నాడంతా బాధపడ్డాను.

బుధవారం పదింటికి మేడమ్ ఫోన్ చేసింది. బాబాయ్ చేతిలో కెమెరా ఉండడం వల్ల స్పీకర్ నొక్కమన్నాడు. కొట్టంతా వినిపించింది.

"అంకుల్, ఏమీ అనుకోకండి. మావాళ్ళు ఏమంటున్నారంటే... అది నిజం కూరా, లేకపోతే హోటళ్ళ ముందు అద్దాల్లో పెడతారే, ప్లాస్టిక్ బొమ్మలు, అవా అని అడుగుతున్నారు. నేను వాసన చూశాను కాబట్టి ఊరుకోలేక ఫోన్ చేశాను. ఇంకో ఫోటో ఉంటే రేపు మూడింటిలోపు పంపండి, మార్చేస్తాను."

స్టూలు మీద ఫోటో కోసం కూర్చున్న పెద్దాయన నవ్వాపుకోలేకపోయాడు. ఆయనకు మూడుసార్లు తీయాల్సి వచ్చింది.

ఆయన వెళ్ళాక ఆ స్టూలు మీద బాబాయే కూలబడ్డాడు. "ప్లాస్టిక్కట! ఒక్కచోట, ఒక్కచోట నీడుంటే చూపించమను నన్ను!" ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఫోటో వెనక్కొచ్చింది. అదీ కూరది.

కర్టెన్ వెనక నుంచి పిన్ని గొంతు వినిపించింది. "పోనివ్వండి. ఇంక పంపొద్దు." ఆ రోజు గిన్నెల మీద మూతలు కాస్త గట్టిగా పడ్డాయి.

మధ్యాహ్నం నేను తినేసి పళ్ళెం కడుక్కుంటుంటే పిన్ని తన అన్నం పట్టుకుని ఎప్పటిలాగే వెనక గుమ్మం దగ్గరికి వెళ్ళింది. అక్కడ కూరలు తరుక్కునే పాత నల్ల చెక్కబల్ల ఒకటుంది, పీటకన్నా కొంచెం ఎత్తు. దాని మీద పళ్ళెం పెట్టుకుని, పక్కన మెట్టు మీద కూర్చుని తింటుంది. రెండేళ్ళుగా రోజూ చూస్తున్నాను. ఆ వేళకు ఎండ మా ఇంట్లోకి రాదు. వెనకింటి తెల్ల గోడ మీద పడి, అక్కడి నుంచి మెత్తబడి, తలుపులోంచి ఏటవాలుగా లోపలికి వస్తుంది. పిన్ని పళ్ళెంలో మెతుకు మెతుకూ విడిగా కనిపిస్తుంది. కూర తడిగా మెరుస్తుంది. ఆ పళ్ళెం వైపు చూస్తే, అప్పుడే తిని లేచిన నాకు కూడా ఇంకో ముద్ద తినాలనిపిస్తుంది.

వెళ్ళి కంప్యూటర్లో మంగళవారం ఫోటో చూశాను. మళ్ళీ వచ్చి పిన్ని పళ్ళెం చూశాను. మూడుసార్లు అలా తిరిగాను.

"ఏంటే, కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావు?" అంది పిన్ని.

ఫోటోలో గుడ్డు ఒక తెల్ల మచ్చ. పళ్ళెంలో గుడ్డు గుండ్రంగా ఉంది. దాన్ని గుండ్రంగా చేస్తున్నది ఒక పక్క నుంచి పడే వెలుతురు, రెండో పక్కన ఉన్న చిన్న నీడ. మేము ఆ నీడనే కదా పని గట్టుకుని తుడిచేశాం! పాస్‌పోర్ట్‌కి మనిషి ఎవరో తెలిస్తే చాలు. కూర ఏదో తెలిస్తే చాలదు. తింటే ఎలా ఉంటుందో తెలియాలి.

ఈ సంగతి బాబాయ్‌కి చెప్పడానికి నాకు సాయంత్రం దాకా పట్టింది.

"బాబాయ్, రేపు రెండుంపావుకి వెనక గుమ్మం దగ్గరికి ఒకసారి వస్తావా?"

"ఎందుకే?"

"నీడ చూపిస్తాను."

"నువ్వు నాకు నీడ చూపిస్తావా! దాన్ని చెరపడానికే కదే నేను పుట్టింది!" అన్నాడు. రానని మాత్రం అనలేదు.

పిన్నిని ఒప్పించడం ఇంకా కష్టమైంది. "మళ్ళీ ప్లాస్టిక్ అనిపించుకోవాలా నేను?"

"ఫోటో కోసం వండకు పిన్నీ. నీ కోసం వడ్డించుకో, రోజూలాగే. ఒకటే తేడా, వేడిగా ఉన్నప్పుడే వడ్డించుకోవాలి."

"నాకా? వేడిగానా?" అంది, ఎవరి గురించో అడుగుతున్నట్టు.

గురువారం వంట ఆలస్యంగా మొదలైంది. ఒంటిగంటకు నాకూ బాబాయ్‌కీ రెండేసి రొట్టె ముక్కలు దొరికాయి. "కళ కోసం పస్తులుంటారని విన్నాను కానీ, పాస్‌పోర్ట్ స్టూడియోలో కూడానా" అని ఆయన కౌంటర్ దగ్గర గొణుగుతూనే ఉన్నాడు. రెండు కాగానే ఎవరో భార్యాభర్తలు వీసా ఫోటోలకు వచ్చారు. బాబాయ్ అక్కడ చిక్కుకుపోయాడు.

నేను వంటింట్లో ట్యూబ్ లైట్ ఆర్పేశాను. అది ఉంటే అన్నం ఒకవైపు ఒక రంగు, ఇంకోవైపు ఇంకో రంగు కనిపిస్తోంది. పిన్ని మళ్ళీ ఆ పెద్ద తెల్ల పళ్ళెం తీయబోతే, వద్దని ఆవిడ రోజూ తినేదే తెచ్చాను. చిన్నది, గచ్చకాయ రంగుది, అంచున ఒక పెచ్చు ఊడింది. అందులో తెల్లటి అన్నం తెల్లగా కనిపించింది. నల్ల బల్ల మీద పెట్టాం. వెనక వంటిల్లు చీకటిగా ఉండడంతో ఆవిరి లేస్తుంటే తెల్లటి దారాల్లా కనిపించింది. నూనె అద్దలేదు. కొత్తిమీర తీయలేదు. పెచ్చు ఊడిన చోటును మాత్రం అటు తిప్పాను.

కింద కూర్చుని, తినడానికి కూర్చున్నవాళ్ళ కళ్ళు ఎంత ఎత్తులో ఉంటాయో అంత ఎత్తులో నా ఫోన్ పట్టుకున్నాను. బాగానే ఉంది. కానీ తలుపుకు అటు పక్కన ఉన్న సగం పళ్ళెం మరీ నల్లబడిపోతోంది. ఏం చేయాలో నాకు తోచలేదు.

వెనక నుంచి బాబాయ్ వంగి చూశాడు. ఎప్పుడొచ్చాడో మరి. ఆ ఒక్కసారికి ఆయనే పిల్లి.

"సగం ముఖం చీకట్లో ఉంది. ఇది పంపావంటే..." అని ఆగాడు. ఫోన్ చూశాడు. పళ్ళెం చూశాడు. మళ్ళీ ఫోన్ చూశాడు. కర్టెన్ తోసుకుని విసురుగా కొట్లోకి వెళ్ళిపోయాడు.

"కోపమొచ్చినట్టుందే" అంది పిన్ని మెల్లగా.

చేతిలో తెల్ల అట్టతో తిరిగొచ్చాడు. ఫోటో తీసేటప్పుడు గడ్డం కింద చీకటి పోవడానికి మనుషుల ఒళ్ళో పెట్టే అట్ట అది. చీకటిగా ఉన్న పక్కన గొంతుక్కూర్చుని, అట్టను పళ్ళానికి జానెడు దూరంలో పట్టుకుని, కొంచెం ముందుకీ కొంచెం వెనక్కీ జరిపాడు. నలుపు మెల్లగా విడిపోయి, లోపల్నుంచి కూర ఎర్రగా బయటికొచ్చింది.

"మొత్తం తీసెయ్యను. కాస్త పలచబరుస్తా, అంతే" అన్నాడు నీడ గురించి. గొంతు మారిపోయింది. పెద్ద పెద్ద ఆఫీసర్లు స్టూలు మీద కూర్చున్నప్పుడు వచ్చే గొంతు అది. తర్వాత పళ్ళెం వైపు చూసి, "ఆఁ, గడ్డం కొంచెం దించు" అన్నాడు.

పిన్ని పగలబడి నవ్వింది. నిన్నటి ఫోన్ తర్వాత ఆ ఇంట్లో మళ్ళీ నవ్వు వినపడింది.

నేను తీస్తూనే ఉన్నాను. బాబాయ్ అట్టను అంగుళం జరుపుతాడు, నేను నొక్కుతాను. ఇద్దరం పనిలో పడి మూడో మనిషిని మర్చిపోయాం.

"అయిందా? చల్లారిపోతోంది" అని పిన్ని అడిగినట్టు గుర్తు. ఒక చెయ్యి ఫ్రేములోకి వచ్చి, అరగుడ్డు విరిచి, అన్నంతో కలిపి, ముద్ద చేసుకుని వెళ్ళిపోయింది.

"అయ్యో, తినేశావేంటి!" బాబాయ్ అరిచాడు.

"నా కోసమే కదా వడ్డించుకోమన్నారు!" అంది పిన్ని నిండు నోటితో. ఇంకో ముద్ద తీసుకుంది. నములుతూ ఆగిపోయింది. ఆశ్చర్యంగా మా ఇద్దరి వైపూ చూసింది. "ఏమండీ, వేడి మీద ఇది ఇలా ఉంటుందా? రోజూ మీకు ఇలాగే ఉంటుందా?"

బాబాయ్ చేతిలోని అట్ట కేసి చూసుకున్నాడు. "ఊఁ. ఇలాగే ఉంటుంది" అన్నాడు. అట్టను అంగుళం జరిపి, "చాలా బాగుంటుంది" అన్నాడు.

రెండుంముప్పావుకి వెలుతురు మెట్టు దాటి వెళ్ళిపోయింది. మొత్తం పదకొండు ఫోటోలు. ఏడింట్లో పళ్ళెం నిండుగా, ఆవిరితో ఉంది. మిగతా నాలుగింట్లో గుడ్డు సగం విరిగి, అన్నంలో ముద్ద తీసిన గుంట ఉంది.

"ఈ మూడోది పంపు. నిండుగా ఉంది" అన్నాడు బాబాయ్.

"అవునే, అదే. ఎంగిలి పళ్ళెం పంపుతారా ఎక్కడైనా? సిగ్గు లేకపోతే సరి" అంది పిన్ని.

నేను ఆ మూడోదీ, గుడ్డు విరిగిన ఒకదీ మార్చి మార్చి చూపించాను. "ఏది చూస్తే నీకు ఆకలేస్తోంది పిన్నీ?"

పిన్ని వేలు దానంతట అదే విరిగిన గుడ్డు మీదికి వెళ్ళింది. చటుక్కున వెనక్కి తీసుకుంది. అప్పటికే నేను పంపేశాను.

"పిల్లీ!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

శుక్రవారం పొద్దున పిన్ని పప్పు డబ్బా కోసం మూడుసార్లు కొట్లోకి వచ్చింది. పప్పు డబ్బా కొట్లో ఎప్పుడూ ఉండదు.

పదకొండుకు ఫోన్ మోగింది. ఈసారి అడక్కుండానే స్పీకర్ నొక్కాను.

"అంకుల్, పద్నాలుగు ఓట్లలో తొమ్మిది మీకే!" మేడమ్ గొంతు కొట్టంతా నిండింది. "మిగతా ఫోటోలు చూసి బాగున్నాయన్నారు. మీది చూసి మాత్రం, 'అయ్యో, ఎవరో మొదలెట్టేశారు, మనకు మిగలదేమో' అన్నారు. సోమవారం పద్నాలుగు మందికీ తెండి. గుడ్ల కూరే కావాలంటున్నారు. ఇంతకీ ఆ ముద్ద ఎవరు తిన్నారండీ?"

కర్టెన్ కదిలింది. పిన్ని వచ్చి, చేయి చీరకు తుడుచుకుని, ఫోన్ దగ్గరికి వంగింది.

"నేనేనమ్మా" అంది. "చాలా బాగుంది."

శనివారం నేను కొట్లోకి వచ్చేసరికి బాబాయ్ ఆ ఫోటోను ప్రింటుకు పెట్టేశాడు. మా మెషీన్‌కు అలవాటైన కొలతలోనే. షీటు మీద ఎనిమిది చిన్న పళ్ళాలు, ఎనిమిది విరిగిన గుడ్లు. రోజూ ముఖాలు కోసే కట్టర్‌తోనే వాటిని కోశాను. ఒకటి పిన్ని పర్సులోకి వెళ్ళింది. ఒకదాన్ని బాబాయ్ కొట్టు ముందు అద్దంలో, ఇరవై రెండేళ్ళుగా తీసిన ముఖాల మధ్య రెండో వరుసలో అంటించాడు.

కళ్ళజోళ్ళాయన టీ గ్లాసుతో వచ్చి, తన కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు.

"మధ్యలో ఈ కొత్త శాల్తీ ఎవరోయ్? రెండు చెవులూ కనిపించడం లేదు. నీడ కూడా పడింది."

"మా ఆవిడ" అన్నాడు బాబాయ్, అద్దం తుడుస్తూ.